నొప్పే లేనప్పుడు తుంటికి మళ్లీ ఆపరేషన్ ఎందుకు?

ఈసారి ఉత్తరం పొందూరు దగ్గర ఒక పల్లె నుంచి వచ్చింది. పేరూ ఊరూ రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు. నాలుగు పేజీల ఉత్తరం, ముఖ్యమైన సంగతులు మాత్రం ఇక్కడ చెబుతాను.

ఆవిడకి 58 ఏళ్లు. ఖాదీకి నూలు వడుకుతారు. వాలుగ చేప దవడతో పత్తి ఏకి, ఏకులు చుట్టుకుని, రాట్నం ముందు నేల మీద కూర్చుని రోజంతా పని. వయసులో ఉన్నప్పుడు ఉబ్బసానికి ఊళ్లో ఇచ్చిన స్టెరాయిడ్ మాత్రలు చాలాకాలం వాడారట. ఎడమ తుంటి బంతికి రక్తం అందక అది పాడైపోతే 2004లో, 37వ ఏట, తుంటి మార్పిడి చేశారు. ఆపరేషన్ బాగా కుదిరింది. ఇంటికి పంపేటప్పుడు నేల మీద కూర్చోవద్దన్నారు, నొప్పొస్తే రమ్మన్నారు. ఆరు నెలలు కుర్చీలో కూర్చున్నారు, తర్వాత ఇల్లు గడవక మళ్లీ రాట్నం ముందుకే వచ్చేశారు. నొప్పి రాలేదు, ఈవిడ డాక్టరు దగ్గరికి వెళ్లలేదు. అలా ఇరవయ్యొక్క ఏళ్లు గడిచిపోయాయి.

మొన్న దసరా తర్వాత బాత్రూములో జారి నడుం పట్టేస్తే శ్రీకాకుళంలో ఎక్స్‌రే తీశారు. నడుముకి ఏమీ కాలేదు కానీ ఆ డాక్టరు తుంటి చూసి విశాఖపట్నం పంపించారు. అక్కడి సర్జన్, లోపలి ప్లాస్టిక్ లైనర్ (బంతికీ కప్పుకీ మధ్య ఉండే పొర) అరిగిపోయింది, కప్పు (తుంటి ఎముకలో బిగించిన లోహపు గిన్నె) వెనకాల ఎముక కరుగుతోంది, రివిజన్ (పెట్టిన కీలుకి మళ్లీ ఆపరేషన్) చేయించుకోవాలి, ఆలస్యం చేయొద్దు అన్నారు. మూడున్నర లక్షల దాకా అవుతుందన్నారు. భర్తేమో "నడుస్తున్నావు, తింటున్నావు, పడుకుంటున్నావు, నొప్పి లేనిదానికి కత్తి ఎందుకు" అంటున్నారు. హైదరాబాద్‌లో ఉన్న కొడుకు వెంటనే వచ్చేయమంటున్నాడు. మాఘంలో కూతురి పెళ్లి. దాచిన డబ్బు పెళ్లికి. కూతురికి ఈ సంగతే చెప్పలేదు, చెబితే ముహూర్తం వాయిదా వేయమంటుందని భయం. ఇది చాలదన్నట్టు మరిది ఫోనులో ఒక మెసేజ్ పంపాడు, కంపెనీవాళ్లు తుంటి కీళ్లు వెనక్కి తీసుకున్నారు, అవి పెట్టుకున్నవాళ్ల రక్తంలో విషం చేరింది అని. పాత ఆపరేషన్ కాగితాలు సోంపేట వైపు పుట్టింట్లో ట్రంకుపెట్టెలో ఉండేవి, 2018 తిత్లీ తుఫానుకి పెట్టెతో సహా పోయాయి.

"నేల మీద కూర్చున్నందుకే అరిగిపోయిందా? నా తప్పేనా? పెళ్లయ్యేదాకా ఆగొచ్చా? అసలు చేయించుకోకపోతే ఏమవుతుంది?" ఇవీ ఆవిడ అడిగినవి.

అక్కా,

ముందుగా ఒక మాట. నేను విజయనగరంలో ఇరవై ఆరేళ్లుగా ఫిజియోథెరపీ చేస్తున్నదాన్ని, సర్జన్ని కాదు. మీ ఎక్స్‌రే ఫిల్ము నేను చూడలేదు. కోయాలా వద్దా అని తీర్పు చెప్పే స్థానం నాది కాదు. కానీ తుంటి మార్చుకున్నవాళ్లని వందలమందిని నడిపించాను, రివిజన్ అయినవాళ్లని కూడా, కాబట్టి మీ ఉత్తరంలో కలగాపులగంగా పడి ఉన్న నాలుగైదు విషయాలని విడదీసి మీ ముందు పెట్టగలను.

మీ తప్పు సంగతితో మొదలుపెడతాను, ఎందుకంటే ఆ భారం మోస్తూ ఆలోచిస్తే ఏ నిర్ణయమూ సరిగ్గా రాదు. అరగడం అన్నది కీలు మార్పిడి పుట్టినప్పటి నుంచీ ఉన్న సమస్యే. ఈ ఆపరేషన్‌ని ఇవాళ్టి రూపానికి తెచ్చింది ఇంగ్లండు సర్జన్ జాన్ చార్న్‌లీ. ఆయన మొదట్లో, 1950ల చివర్లో, గిన్నెని టెఫ్లాన్‌తో చేశాడు, మన దోసె పెనం మీద పూతగా వేసే పదార్థమే అది. జారుడుగా ఉంటుంది కదా అని. రెండు మూడేళ్లలోనే అరిగి పొడి పొడి అయిపోయి, ఆ పొడి చుట్టూ శరీరం తిరగబడింది. పెట్టినవి దాదాపు అన్నీ మళ్లీ తీయాల్సి వచ్చింది. అప్పుడాయన ఆ టెఫ్లాన్‌నీ, కొత్తగా దొరికిన గట్టి పాలిథిలీన్‌నీ తన తొడలోనే చర్మం కింద పెట్టించుకుని చూశాడు, ఏది శరీరానికి పడుతుందో అని. 1962 నుంచి ఆ పాలిథిలీన్ వాడటం మొదలైంది. మీకు పెట్టిన లైనర్ దాని సంతానమే. 2000 ప్రాంతంలో ఇంకా గట్టి రకం, చాలా తక్కువ అరిగేది, బయటికొచ్చింది, కానీ 2004లో మన దగ్గర పాత రకం కూడా బాగానే వాడుకలో ఉండేది. పాత రకం ఏడాదికి మిల్లీమీటరులో పదోవంతు దాకా అరుగుతుంది. ఇరవై ఏళ్లకి రెండు మిల్లీమీటర్లు, ఒక్కొక్కరికి ఇంకా ఎక్కువ.

మామూలుగా తిరిగే మనిషి ఒక్కో కాలు మీద ఏడాదికి సుమారు పది లక్షల అడుగులు వేస్తుంది. ఇరవయ్యొక్క ఏళ్లకి రెండు కోట్లు దాటాయి. 2019లో లాన్సెట్ పత్రికలో వచ్చిన లెక్క ఒకటుంది, విదేశాల్లో ఆపరేషన్ల రిజిస్టర్లు దగ్గర పెట్టుకుని వేసింది: మార్చిన తుంటి కీళ్లు వందలో 89 పదిహేనేళ్లు నిలిచాయి, 70 ఇరవై ఏళ్లు, 58 పాతికేళ్లు. మీది ఇరవయ్యొకటి నిలిచింది, అదీ 37 ఏళ్ల వయసులో పెట్టించుకుని, ఇంటిపనీ పొలంపనీ వడుకుపనీ చేస్తూ. నేల మీద కూర్చోవడం మంచిదని అనను, మోకాలు ఛాతీ దాకా వచ్చేటట్టు మడిచి కూర్చుంటే కప్పు అంచుకి పెట్టిన కీలు మెడ (బంతి కింది సన్నటి భాగం) తగులుతుంది, కీలు జారే ప్రమాదం ఉంది. కానీ మీ లైనర్ అరగడానికి ప్రధాన కారణం మీరు బతకడం, నడవడం. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

తప్పు ఎక్కడైనా ఉంటే "నొప్పొస్తే రండి" అన్న మాటలో ఉంది. ఆ మాట నేనూ అన్నాను, మొదటి పదేళ్లూ. కమోడ్ ఎత్తు చెప్పేదాన్ని, కుర్చీ చెప్పేదాన్ని, కాలు కాలు మీద వేసుకోవద్దని చెప్పేదాన్ని, కొన్నేళ్లకి ఒకసారి నొప్పి లేకపోయినా ఫిల్ము తీయించుకోండి అని మాత్రం గట్టిగా చెప్పేదాన్ని కాదు. నాకు బుద్ధొచ్చింది ఒక జూట్ మిల్లు కార్మికుడి వల్ల. పదిహేడేళ్ల కిందటి తుంటి, ఎప్పుడూ నొప్పి అని రాలేదు. బస్సు దిగుతూ ఆ కాలు నేల మీద పెట్టాడు, అంతే, తొడ ఎముక విరిగింది. పడలేదు, గుద్దుకోలేదు. తర్వాత ఆయన ఫిల్ము నా గదిలో లైటు పెట్టె మీద పెట్టి చూస్తే స్టెమ్ (బంతిని మోస్తూ తొడ ఎముకలోకి దిగి ఉండే లోహపు కాడ) చుట్టూ ఎముక గుడ్డు పెంకంత పలుచగా ఉంది. ఆయన్ని మళ్లీ కర్ర లేకుండా నడిపించడానికి ఏడాదిన్నర పట్టింది నాకు. ఆ తర్వాత నొప్పొస్తే రండి అన్న మాట నా నోటి వెంట రాలేదు.

ఇది ఎలా జరుగుతుందో చెబుతాను, ఎందుకంటే బావగారి ప్రశ్నకి జవాబు ఇందులోనే ఉంది. మీరు పత్తి ఏకుతున్నప్పుడు వెలుతురులో దూగర లేస్తుంది చూడండి, కంటికి కనబడీ కనబడనట్టు, అంతకంటే ఎన్నో రెట్లు సన్నటి పొడి మీ లైనర్ నుంచి అడుగడుక్కీ రాలుతుంది. శరీరంలో చెత్త మింగి శుభ్రం చేసే కణాలు ఉంటాయి, అవి వచ్చి ఈ పొడిని మింగుతాయి. ప్లాస్టిక్ కదా, జీర్ణం కాదు. మింగలేక కక్కలేక అవి ఇంకా సాయం కావాలని సంకేతాలు పంపుతాయి, ఆ సంకేతాలకి ఎముకని తినే కణాలు మేల్కొంటాయి. అవి కప్పు వెనకాల, స్క్రూల చుట్టూ, తొడలో స్టెమ్ చుట్టూ ఎముకని తినడం మొదలుపెడతాయి. దీన్నే మీ రిపోర్టులో ఆస్టియోలైసిస్ అని రాశారు. చెద పట్టిన గుమ్మంలా అన్నమాట, పైన రంగు బాగానే ఉంటుంది, తలుపు తీస్తున్నాం వేస్తున్నాం, వేలితో నొక్కితే లోపల డొల్ల. లోపల ఎముక కరుగుతుంటే నొప్పి తెలియదు. కప్పు వదులై కదిలినప్పుడో, ఎముక చిట్లినప్పుడో తెలుస్తుంది. నొప్పి వచ్చేసరికి చాలా ఎముక పోయి ఉంటుంది. అందుకే "నొప్పి లేదు కదా" అన్న మాట మిగతా రోగాల్లో ధైర్యం ఇచ్చినట్టు ఇందులో ఇవ్వదు.

మీ ఫిల్ము ఇంట్లో ఉంటే పగటిపూట కిటికీకి ఆనించి చూడండి. బావగారికీ చూపించండి, నా మాటకంటే అది బాగా చెబుతుంది. తెల్లగా గుండ్రంగా బంతి, దాని పైన బోర్లించిన గిన్నెలా కప్పు. మధ్యలో ఉన్న ప్లాస్టిక్ ఎక్స్‌రేలో కనబడదు, బంతికీ కప్పుకీ మధ్య సందులా ఉంటుంది. కొత్తలో ఆ సందు చుట్టూ సమానంగా ఉంటుంది. అరిగితే బంతి పైకి ఎక్కుతుంది, పైన సందు సన్నబడి కింద వెడల్పవుతుంది. ఇక కప్పుకి పైనా పక్కనా నల్లగా బుడగల్లా మచ్చలు కనబడితే అవే ఎముక లేని చోట్లు. ఫిల్ములో కనబడే దానికంటే లోపల ఖాళీ ఎక్కువే ఉండటం మామూలు, కప్పు లోహం కొంత దాచేస్తుంది. అందుకే సీటీ స్కాన్ కావాలి. మీ ఉత్తరంలో సీటీ తీసినట్టు ఎక్కడా లేదు.

ఇప్పుడు మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన చోటుకి వస్తాను. మొదటి పేజీలో నొప్పి లేదన్నారు. మూడో పేజీలో, మాటల మధ్యలో, "కూర్చుని లేచినప్పుడు గజ్జల్లో పట్టేసినట్టుంటుంది, నాలుగడుగులు వేస్తే సర్దుకుంటుంది" అని రాశారు. చివరి పేజీలో, పెళ్లి బట్టల గురించి రాస్తూ, "ఈమధ్య చీర ఎంత సరిగ్గా కట్టుకున్నా ఎడమ వైపు అంచు నేలకి రాసుకుంటోంది, సన్నబడ్డానేమో" అన్నారు. అక్కా, ఈ రెండూ మీరు సర్జన్‌కి చెప్పారా? చెప్పి ఉండరు, ఎందుకంటే మీ దృష్టిలో అవి నొప్పీ కాదు, జబ్బూ కాదు.

లేవగానే మొదటి నాలుగడుగులు పట్టేసి తర్వాత వదలడం వదులైన కీలుకి బాగా తెలిసిన లక్షణం. గజ్జల్లో ఉంటే కప్పు వైపు అనుమానం, తొడ మధ్యలో ఉంటే స్టెమ్ వైపు. ఇక చీర అంచు. మనిషి సన్నబడితే అంచు రెండు వైపులా జారాలి, ఒక్క వైపు ఎందుకు జారుతుంది? ఎడమ కాలు కాస్త పొట్టిదవుతోందేమో. లైనర్ రెండు మూడు మిల్లీమీటర్లు అరిగితే చీర అంచులో తెలియదు. అంచు నేలకి తగిలేంత తేడా వచ్చిందంటే కప్పు పైకి ఒరుగుతూ ఉండొచ్చు, లేదా స్టెమ్ కిందికి దిగుతూ ఉండొచ్చు. మొన్న పడినందువల్ల నడుము ఒక పక్కకి పట్టేసి కూడా అలా కావచ్చు, తుంటి పక్క కండరం బలహీనపడినా నడుం ఒరుగుతుంది. ఏదో చెప్పాలంటే చేత్తో కొలవాలి, ఫిల్ములు పోల్చాలి. కానీ ఈ రెండు ముక్కలూ విన్నాక నేను మీకు "పెళ్లయ్యాక చూద్దాం" అని తేలిగ్గా చెప్పలేను.

పోల్చడానికి పాత ఫిల్ము లేదన్నారు. 2013లో కిడ్నీలో రాయి అని కడుపు ఎక్స్‌రే తీయించానని కూడా మీరే రాశారు. అది ఇంట్లో ఉంటే బయటికి తీయండి, అందులో తుంటి పై భాగం పడి ఉండే అవకాశం ఎక్కువ. పన్నెండేళ్ల కిందట కప్పు ఏ కోణంలో ఉందో, ఇప్పుడు ఎలా ఉందో పక్కపక్కన పెట్టి చూడటం సర్జన్‌కి పెద్ద ఆధారం. పాత కాగితాలు పోయినా బెంగ పడొద్దు, కానీ ప్రయత్నం చేయండి. ఆపరేషన్ చేసిన ఆస్పత్రి రికార్డుల గదికి మీ పేరు, సంవత్సరం, సర్జన్ పేరు రాసి ఒక దరఖాస్తు ఇవ్వండి. ఆపరేషన్ నోట్సులో కప్పు, బంతి, స్టెమ్‌ల స్టిక్కర్లు అంటించి ఉంటాయి, వాటి మీద కంపెనీ, సైజు, నంబరు ఉంటాయి. అది ఎందుకు కావాలంటే, పాత కప్పులో సరిగ్గా పట్టే లైనర్ ఆ మోడల్‌దే అయి ఉండాలి. దొరక్కపోతే అనుభవం ఉన్న సర్జన్లు ఎక్స్‌రే చూసి గుర్తుపడతారు, అదీ కాకపోతే గట్టిగా ఉన్న కప్పులో వేరే లైనర్‌ని సిమెంటుతో అతికించే పద్ధతి ఉంది.

మరిదిగారి మెసేజ్ గురించి. అది అబద్ధం కాదు, కానీ మీ సంగతి అది కాదు. డీప్యూ అనే కంపెనీ ఏఎస్ఆర్ అనే తుంటి కీళ్లని 2010 ఆగస్టులో ప్రపంచమంతా వెనక్కి తీసుకుంది. అవి లోహం గిన్నెలో లోహం బంతి. రాపిడికి కోబాల్టు, క్రోమియం రక్తంలోకి చేరాయి, చుట్టూ కండ దెబ్బతింది, చాలామందికి మళ్లీ ఆపరేషన్లు అయ్యాయి. మన దేశంలో సుమారు 4,700 పెట్టారు. 2017లో కేంద్రం కమిటీ వేసింది, తర్వాత నష్టపరిహారం లెక్క కూడా తేల్చింది. మీ సర్జన్ ప్లాస్టిక్ లైనర్ అరిగిందని చెప్పారంటే మీది ఆ రకం కాదు. రక్తంలో విషం అన్న భయం వదిలేయండి. ఒక్కటి మాత్రం ఉంది, ప్లాస్టిక్ పూర్తిగా అరిగి చిల్లు పడితే బంతి నేరుగా లోహం కప్పుని రాస్తుంది, అప్పుడు లోహం పొడి రావడం మొదలవుతుంది. అక్కడిదాకా పోనివ్వకూడదు.

ఇక మీ ముందున్న దారులు.

ఆగి చూడటం ఒక దారి. ఎముక కరిగిన చోటు చిన్నదై, కప్పు గట్టిగా ఉండి, లైనర్‌లో ఇంకా మందం మిగిలి ఉంటే సర్జన్లే కొందరికి ఆరు నెలలకోసారి ఫిల్ము తీయించుకుంటూ ఆగమంటారు. 85 ఏళ్ల మనిషి, గుండె బలహీనం, ఇంట్లోనే తిరుగుతుంది అనుకోండి, ఆగడమే మంచి నిర్ణయం అవుతుంది చాలాసార్లు. మీకు 58, ముందు ఇంకా ఎన్నో ఏళ్లు నడవాలి. ఆగే కొద్దీ ఎముక తగ్గుతుంది, తగ్గిన ఎముక కాల్షియం మాత్రలతో తిరిగి రాదు (పక్కింటావిడ చెప్పిందని రాశారు కదా, డాక్టరు ఇస్తే వేసుకోండి, కానీ ఆ గుంత అవి పూడ్చవు). ఎముక బాగా పోయాక చేసే ఆపరేషన్ వేరే ఆపరేషన్. పెద్ద కప్పులు, ప్లేట్లు, ఎక్కువ రక్తం, ఎక్కువ ఖర్చు, నెలల తరబడి ఆ కాలు మీద బరువు వేయకూడదు. ఇవాళ మూడున్నర లక్షలు ఎక్కువనిపిస్తోంది, రెండేళ్ల తర్వాత అదే కాలికి అయ్యేది ఇంతలో ఆగదు.

కప్పు గట్టిగా ఉండగానే చేయించుకోవడం రెండో దారి. అప్పుడు చాలామందికి కప్పు, స్టెమ్ అలాగే ఉంచి లైనర్, బంతి మాత్రం మారుస్తారు, వెనకాల ఖాళీల్లో ఎముక పొడి నింపుతారు. మొదటిసారి ఆపరేషన్ కంటే చిన్నదిగానే కనబడుతుంది, సాధారణంగా మర్నాడో మూడోనాడో వాకర్‌తో నిలబెడతాం. దీనికీ ప్రమాదాలు ఉన్నాయి, దాచను. రెండోసారి కోసిన చోట కీలు జారడం మొదటిసారికంటే ఎక్కువ, ముఖ్యంగా మొదటి మూడు నెలలు. ఇన్‌ఫెక్షన్ అవకాశం కూడా మొదటిసారికంటే ఎక్కువే. రివిజన్ చేసిన కీలు మొదటిదంత కాలం రాకపోవచ్చు. షుగరు ఉంటే ముందు అది అదుపులోకి రావాలి, పళ్లు పుచ్చి చీము ఉంటే అది బాగుచేయించుకోవాలి.

లోపల తెరిచాక కప్పు వదులుగా ఉందని తేలితే కప్పు మొత్తం మార్చాలి. నేను చెప్పిన ఆ రెండు లక్షణాల వల్ల మీ విషయంలో ఇది జరగొచ్చని సిద్ధపడి ఉండాలి. సంతకం పెట్టేముందు అడగండి, "కప్పు వదులుగా ఉంటే అదే పూట మార్చడానికి అన్ని సైజులూ, ఎముకా, రక్తమూ సిద్ధంగా ఉంటాయా, లేక మూసేసి ఇంకోసారి తెరుస్తారా" అని. ఏడాదికి ఎన్ని రివిజన్లు చేస్తారని కూడా అడగండి, మొహమాటపడొద్దు. మామూలు తుంటి మార్పిడి బాగా చేసేవాళ్లందరూ రివిజన్ ఎక్కువగా చేసి ఉండరు.

ఇంకో పరీక్ష ఏ దారిలోనైనా తప్పదు, ఇన్‌ఫెక్షన్ లేదని తేల్చుకోవడం. కీలు వదులవడానికి నెమ్మదిగా పెరిగే ఇన్‌ఫెక్షన్ కూడా కారణం కావచ్చు, అది ఉంటే వైద్యం మొత్తం మారిపోతుంది. ఈఎస్ఆర్, సీఆర్‌పీ అని రెండు రక్త పరీక్షలు చేస్తారు, అనుమానం ఉంటే సూదితో కీలులోంచి నీరు తీసి పరీక్షకి పంపుతారు. అందుకని ఈలోగా జ్వరమనో నొప్పనో ఊళ్లో ఎవరి దగ్గరా యాంటీబయాటిక్ వేసుకోకండి, సర్జన్‌కి చెప్పకుండా వేసుకుంటే ఆ పరీక్ష తప్పు చూపిస్తుంది. ఆ తుంటిలోకి ఎవరినీ ఇంజక్షన్ ఇవ్వనివ్వకండి. నొప్పి మాత్రల సంగతి ఇంకా గట్టిగా చెబుతాను. మీ పుట్టిల్లు కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం, మీ తమ్ముడు డయాలిసిస్ మీద ఉన్నాడని రాశారు. మెడికల్ షాపులో కొనుక్కున్న నొప్పి బిళ్లలతో పెళ్లిపనులు లాక్కొద్దాం అనుకోవద్దు, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్త పరీక్ష) ఒకసారి చూపించుకుని, డాక్టరు రాసిచ్చినదే వేసుకోండి. నూనె మర్దనకి నాకు అభ్యంతరం లేదు, కాలు లాగి మెలితిప్పే మర్దన మాత్రం వద్దు.

ఇప్పుడు పెళ్లి. మాఘానికి ఇంకా మూడు నెలలు ఉంది. ఇప్పుడే చేయించుకుంటే, లైనర్ మార్పిడితో సరిపోతే, పెళ్లినాటికి చేతికర్రతో నెమ్మదిగా తిరుగుతారు. కప్పు మార్చాల్సి వస్తే వాకర్ మీదే ఉండొచ్చు, అది కూడా ఊహించుకోండి. పెళ్లయ్యేదాకా ఆగడం కుదురుతుందా అన్నది సీటీ చెప్పాలి, మీ భయమో బావగారి ధైర్యమో చెప్పేది కాదు. "మూడు నెలలు ఆగితే ఎముక విరిగే ప్రమాదం ఎంత" అని సర్జన్‌ని సూటిగా అడగండి. ఆయన ఆగొచ్చంటే ఆగండి, కానీ ఎలా ఆగాలో నేను చెబుతాను. కుడి చేత్తో కర్ర పట్టుకోండి, పాడైన తుంటి వైపు కాదు, ఎదుటి వైపు. అలా పట్టుకుంటే ఎడమ తుంటి మీద భారం బాగా తగ్గుతుంది. బిందెలు మోయొద్దు. బస్సులో పరుగెత్తి ఎక్కొద్దు. రాట్నాన్ని బల్ల మీదికి ఎక్కించి మీరు కుర్చీలో కూర్చోండి, అలవాటు తప్పి నూలు తక్కువ వస్తుందని తెలుసు, ఈ మూడు నెలలకి తక్కువే రానివ్వండి. కన్యాదానంలో నేల మీద పీట వద్దు, పంతులుగారితో ముందే చెప్పి ఇద్దరికీ ఎత్తు స్టూళ్లు వేయించండి, ఇప్పుడు చాలా పెళ్లిళ్లలో అలాగే కూర్చుంటున్నారు, ఎవరూ తప్పుపట్టరు. ఉన్నట్టుండి కాలు మోపలేకపోయినా, తొడలో కొత్తగా నొప్పి మొదలైనా, రాత్రిళ్లు పడుకున్నా నొప్పి వదలకపోయినా, జ్వరం వచ్చినా, ఆ రోజుతో ఆగడం అయిపోయినట్టే, అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి.

అమ్మాయికి చెప్పండి అక్కా. వాయిదా వేయమంటుందని దాస్తున్నారు, పెళ్లికి పదిరోజుల ముందు మీరు మంచం ఎక్కితే అప్పుడు ఆ పిల్ల పరిస్థితి ఏమిటి? సీటీ వచ్చేదాకా ఏ ముహూర్తమూ మార్చక్కర్లేదు, ఆ మాట కూడా కలిపి చెప్పండి. పెళ్లిపనుల్లో సగం మీ చేతిలోంచి తీసుకునే అవకాశం తనకి ఇవ్వండి. వియ్యాలవారికి ఎంత చెప్పాలో మీరూ బావగారూ కూర్చుని అనుకోండి, అది మీ ఇష్టం, నాకైతే పెళ్లికూతురి తల్లికి తుంటి ఆపరేషన్ ఉందంటే సంబంధం చెడేంత విషయంగా కనబడలేదు.

డబ్బు విషయంలో, అప్పు మాట ఎత్తేముందు రేషన్ కార్డు, ఆధార్ పట్టుకుని ఎన్టీఆర్ వైద్య సేవ (ప్రభుత్వ ఉచిత వైద్య పథకం) ఉన్న ఆస్పత్రిలో ఆరోగ్యమిత్రని, అంటే ఆ పథకం పనులు చూసే ఉద్యోగిని, కలవండి. మీ రిపోర్టు చూపించి "రివిజన్" అన్న మాట వాడి అడగండి, తుంటి మార్పిడి అని మాత్రమే అడిగితే వేరే జవాబు వస్తుంది. 104కి ఫోన్ చేసినా ఆస్పత్రుల వివరాలు చెబుతారు. విశాఖలోని ప్రభుత్వ ఆస్పత్రి కేజీహెచ్ ఆర్థోపెడిక్ (ఎముకల) విభాగంలో రెండో అభిప్రాయం తీసుకోవడం కూడా ఖర్చు లేని పని. హైదరాబాదా, విశాఖపట్నమా అంటే, బాబు ఆరాటం అర్థమవుతుంది, కానీ ఆపరేషన్ తర్వాత ఆరు వారాలకి, మూడు నెలలకి, ఆరు నెలలకి చూపించుకోవాలి, కీలు జారితే అర్ధరాత్రి పరుగెత్తాలి. విశాఖలో రివిజన్లు తరచూ చేసే సర్జన్ దొరికితే దగ్గరే మేలు అని నా అభిప్రాయం. దొరక్కపోతేనే దూరం. బాబుకి ఇంకో పని అప్పజెప్పండి, ఆపరేషన్ అయ్యాక రెండు వారాలు సెలవు పెట్టి మీ దగ్గర ఉండమనండి, అది ఎక్కువ ఉపయోగం.

బావగారిని కోప్పడొద్దు. నొప్పి లేని చోట కత్తి వద్దనడం ప్రేమతో అన్న మాటే. ఈసారి సర్జన్ దగ్గరికి ఆయన్ని వెంట తీసుకెళ్లండి, ఆయన ప్రశ్న ఆయన్నే అడగనివ్వండి.

వెళ్లేరోజు సంచిలో 2013 నాటి కడుపు ఎక్స్‌రే, ఇప్పటి ఫిల్ము, వేసుకుంటున్న మాత్రలన్నీ, ఉబ్బసానికి వాడుతున్నవాటితో సహా, పెట్టుకోండి. స్టెరాయిడ్ పాతరోజుల్లో ఎన్నేళ్లు వాడారో ఒక కాగితం మీద రాసుకోండి. ఆ రోజు మామూలుగా కట్టుకునే చీరే కట్టుకుని వెళ్లండి, చెప్పులు విప్పి గోడకి ఆనకుండా నిలబడి, ఎడమ వైపు అంచు ఎక్కడికి వస్తోందో సర్జన్‌కి చూపించండి. మిగతా మాటలకంటే ముందు ఆ మాట చెప్పండి. సీటీ రిపోర్టు వచ్చాక నాకు మళ్లీ రాయండి, కర్ర ఎత్తు, మంచం ఎత్తు, బాత్రూములో పట్టుకునే కడ్డీ ఎక్కడ బిగించాలో అప్పుడు ఒక్కొక్కటీ చెబుతాను.